ఎడమామె కాయలు

ఆ సాయంత్రం జెస్సీ ట్యూషన్ నుంచి వస్తూ రేపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న బండి మీద పానీపూరీ కట్టించుకొచ్చింది. వంటింటి గడప మీదే కూచుని ఒక పూరీకి బొటనవేలితో చిల్లు పెట్టి, బంగాళాదుంప కూరి, పుదీనా నీళ్ళు నింపి, కారిపోకుండా అరచెయ్యి అడ్డం పట్టుకుని తండ్రి దగ్గరికి పరిగెత్తింది.

"నాన్నా, ఆ అను. తొందరగా, కారిపోతోంది."

లాజరు నోరు తెరిచాడు.

"పెద్దగా తెరువు నాన్నా."

"తెరిచానుగా!"

తొమ్మిదో తరగతి పిల్ల. తండ్రి ఏడిపిస్తున్నాడనుకుని కిలకిలా నవ్వింది. పూరీని పెదాల మధ్యకి నెట్టింది. అది పళ్ళకి కొట్టుకుని చిట్లిపోయి, నీళ్ళు గడ్డం మీదుగా చొక్కా మీదకి కారాయి. లోపలికి పోయింది నాలుగు చుక్కలే. వాటికే బుగ్గల లోపల ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది లాజరుకి. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పిల్ల నవ్వు ఆపేసింది.

పక్క గదిలో జాకెట్టు కుడుతున్న స్టెల్లా కాలు మిషను మీద ఆగిపోయింది. లేచి వచ్చింది. మొగుడి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది.

"తెరువు."

"తెరిచాను స్టెల్లా. ఇంతే వస్తంది."

"గ్యాసన్నావు కదయ్యా ఏడాది నుంచీ! కారం పడట్లేదు, గ్యాసు, గ్యాసు అని పెరుగన్నం తింటన్నావు!"

ఏడాది కాదు, ఏడాదిన్నర. లాజరు మొదట ఆవకాయ మానేశాడు. తర్వాత మజ్జిగన్నంలో మిరపకాయ కొరకడం మానేశాడు. ఆ తర్వాత చేపల పులుసులో ముక్క తీసుకుని పులుసు వదిలేయడం మొదలుపెట్టాడు. ఆదివారం గుళ్ళో ప్రభు సంస్కారం తీసుకునేటప్పుడు ద్రాక్షరసం చుక్క నాలిక్కి తగిలితే చాలు, మోకాళ్ళ మీద ఉన్నవాడు తల వంచేసి పెదాలు బిగబట్టేవాడు. పక్కనున్నవాళ్ళు భక్తి అనుకునేవాళ్ళు.

లాజరుకి నలభై రెండేళ్ళు. కూలి చేసుకునే మోషే కొడుకు. పద్దెనిమిదో ఏట ట్రాక్టరెక్కాడు, ఇరవై రెండో ఏట లారీ ఎక్కాడు. కళ్ళు మూతలు పడకుండా ఉండాలంటే దవడలో ఏదో ఒకటి ఉండాలని లారీ వాళ్ళే నేర్పారు. లారీ మానేసి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీకి బస్సు నడుపుతున్నాడు. పొద్దున రేపల్లెలో పిల్లల్ని ఎక్కించుకుని చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల, సాయంత్రం మళ్ళీ అదే దారి. నిద్రతో పనిలేదు. అయినా గుట్కా మాత్రం లారీతో పాటు దిగిపోలేదు. లేస్తూనే ఒకటి, స్టీరింగు ముందు కూచుంటే ఒకటి, దిగితే ఒకటి. రోజుకి తొమ్మిదో పదో. ఎన్నో అతనికే తెలియదు.

మర్నాడు సెలవు పెట్టించి, పొద్దున రైలుకే స్టెల్లా అతన్ని తెనాలి లాక్కెళ్ళింది. ఎవరో చెప్పిన దంతాల డాక్టరు దగ్గరికి. డాక్టరు పేరు సాయిసుధ. చిన్న వయసే, ముప్ఫై దాటి ఉండవు. అతన్ని కుర్చీలో వాల్చి, లైటు దించి, నోట్లోకి చాలాసేపు చూసింది.

"మీ మూడు వేళ్ళు నిలువుగా పెట్టండి లాజరు గారూ, పళ్ళ మధ్య."

రెండో వేలు సగంలోనే ఇరుక్కుంది.

"మూడూ పట్టాలండి మామూలుగా. బుగ్గ లోపలి చర్మం మెత్తగా, సాగేటట్టు ఉండాలి. వక్క, పొగాకు, సున్నం ఇన్నేళ్ళు నాని నాని అది తాళ్ళ లాగా బిగిసిపోయింది. మీరే తడిమి చూడండి."

లాజరు వేలితో తడిమాడు. బుగ్గ లోపల నులక మంచం పట్టె తగిలినట్టు తగిలింది.

"క్యాన్సరా అండి?" అడిగింది స్టెల్లా. ఆ మాట అడగడానికే రైలు దారంతా గుండె చిక్కబట్టుకుని కూచుంది ఆవిడ.

"ఇప్పుడు కాదండి. పుండు లేదు, గడ్డ లేదు. కానీ మానకపోతే మాత్రం అది పోయేది అటే."

"మానేస్తే మామూలుగా అయిపోతదా మేడమ్?" అన్నాడు లాజరు.

డాక్టరు గ్లవ్సులు తీసి పక్కన పెట్టింది. "బిగిసిందంతా తిరిగి రాదండి. కొంత వస్తుంది. ఎంత వస్తుందన్నది సగం నా సూది చేతిలో ఉంది, సగం మీ చేతిలో ఉంది."

వారం వారం బుగ్గలో ఇంజెక్షను. పొద్దునా రాత్రీ మాత్రలు. కారం, పులుపు, వేడి బంద్. దానితో పాటు ఐస్‌క్రీం పుల్లల కట్ట ఒకటి చేతిలో పెట్టింది. పుల్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు పళ్ళ మధ్య పెట్టుకుని పట్టుకోవాలి, రోజుకి ఐదుసార్లు. ఆ రోజుకి పదకొండు పుల్లలు పట్టాయి. పన్నెండోది దూర్చబోతే దవడలో కలుక్కుమంది.

గుట్కా మానడం అంటే నోటికి సంబంధించిన సంగతి అనుకున్నాడు లాజరు. కాదు. ముందు తిరగబడింది చెయ్యి. గేరు మార్చిన చెయ్యి తిన్నగా చొక్కా జేబులోకి పోయేది. జేబు ఖాళీ. మళ్ళీ స్టీరింగు. మళ్ళీ రెండు నిమిషాలకి జేబు. చెరుకుపల్లి సెంటర్లో పిల్లలు ఎక్కే చోటనే చెంచురామయ్య బడ్డీకొట్టు. ఎనిమిదేళ్ళ అలవాటు. బస్సు ఆగీ ఆగకముందే ముసలాయన పేపరు కింద నుంచి ప్యాకెట్ల దండ తీసి కిటికీలోంచి అందించేవాడు.

"వద్దు బాబాయ్. మానేశాను."

"సరే అబ్బాయ్, మానేస్తే మంచిదేగా" అన్నాడు చెంచురామయ్య. మర్నాడు మళ్ళీ అందించాడు. ఆయన చెయ్యిది కూడా అలవాటే.

నడుపుతున్నంతసేపూ నయం. బాపట్లలో తొమ్మిదింటికి పిల్లల్ని దింపాక సాయంత్రం నాలుగింటి దాకా చెయ్యడానికేమీ లేదు. ఏడు గంటలు. షెడ్డు కింద పదిహేను బస్సులు, పదిహేనుమంది డ్రైవర్లు. పేకాట, సెల్‌ఫోను, నిద్ర. అందరి దవడల్లోనూ ఏదో ఒకటి. వాళ్ళలో పెద్దవాడు నాగమల్లేశ్వరరావు. కారంచేడు మనిషి, బాపట్లలో కాపురం, యాభై దాటాయి. భారీ మనిషి, మంచి మనసు. తన దగ్గరున్నది పక్కవాడికి పెట్టకుండా నోట్లో వేసుకోడు.

"తమ్ముడూ, మొహం పీక్కుపోయింది. ఒక్కటి వేసుకో, ఏం కాదు. ఒక్కసారే మానితే ఒంటికి పడదు" అంటూ చింపిన ప్యాకెట్టు చాపేవాడు.

లాజరు లేచి వెళ్ళిపోయేవాడు. కాలుగాలిన పిల్లిలా బాపట్లంతా తిరిగేవాడు. స్టేషను దాకా నడిచి, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి. ఒకరోజు సూర్యలంక రోడ్డున సరుగుడు తోటల దాకా నడిచి, ఎందుకొచ్చాడో తెలియక, వెనక్కి ఆటోలో వచ్చాడు. సోంపు నమిలాడు. యాలక్కాయలు నమిలితే మంట. వేయించిన వేరుశనక్కాయలు గుచ్చుకున్నాయి. చూయింగ్ గమ్ముతో దవడలు పీకాయి.

ఇంటికొస్తే ఇంకా అన్యాయం. కూచోడు, పడుకోడు. వంటింట్లోకి పోయి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూసి పెట్టేవాడు. ఏం కావాలయ్యా అంటే ఏమో అనేవాడు. మిషను చప్పుడు చెవుల్లో గుచ్చుకుంటోందని ఒకరోజు స్టెల్లా మీద అరిచాడు. పదహారేళ్ళ కాపురంలో ఆ మిషను చప్పుడు గురించి ఒక్క మాట అన్నవాడు కాదు. స్టెల్లా తిరిగి అరవలేదు. పెళ్ళివాళ్ళ జాకెట్లన్నీ చుట్ట చుట్టుకుని పక్కింటి వసారాలో కూచుని చేతికుట్టు వేసుకుంది. అది చూసి లాజరుకి తనమీద తనకే అసహ్యం పుట్టింది. అసహ్యం పుట్టిన ప్రతిసారీ జేబులోకి చెయ్యి పోయేది.

రెండో వారం బుధవారం నాడు నాగమల్లేశ్వరరావు చాపిన ప్యాకెట్టు తీసుకున్నాడు. గురువారం అడిగి తీసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం నోరు పదిసార్లు పుక్కిలించి ఇంటికెళ్ళాడు.

శనివారాలు కాలేజీ ఒంటిపూట. మధ్యాహ్నం రైలుకి తెనాలి. ఆ శనివారం పెళ్ళి జాకెట్లు ఇవ్వాల్సి ఉండి స్టెల్లా రాలేకపోయింది. తోడుగా జెస్సీ వచ్చింది. డాక్టరు లైటు దించి చూసింది. అద్దం పెట్టి ఇంకో వైపు చూసింది.

"ఎప్పుడు వేశారు?"

"లేదండి."

"నేను మీ నోట్లోకి చూస్తున్నాను లాజరు గారూ."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. "బుధవారం అండి. గురువారం, నిన్న కూడా" అన్నాడు. స్టూలు మీద కూచున్న జెస్సీ గోడ మీద పళ్ళ బొమ్మ వైపు తిరిగి, అందులో ఉన్న పేర్లన్నీ చదువుతున్నట్టు కూచుంది. తండ్రి మొహం చూడలేదు.

"చూడండి, మళ్ళీ మొదలుపెట్టడం తప్పేం కాదు. చాలామంది అక్కడ పడతారు. లేచి మళ్ళీ రావాలి, అంతే. చేతికి, నోటికి పని పెట్టండి. ఉప్పో చప్పో, మెత్తగా, నెమ్మదిగా తినేది ఏదైనా చూసుకోండి" అంటూ సూది తీసింది.

బయటికొచ్చారు. రైలుకి ఇంకా గంట ఉంది. జెస్సీకి లెక్కల నోటుబుక్కులు కావాలంటే బస్టాండు దగ్గర సూపర్‌మార్కెట్లోకి వెళ్ళారు. మత్తు దిగుతోంది. ఎడమ బుగ్గ సలుపు మొదలైంది. లోపల ఐస్‌క్రీములూ బఠాణీలూ పెట్టే అద్దాల ఫ్రీజరు కనిపించింది. లాజరు వెళ్ళి దాని తలుపుకి బుగ్గ ఆనించి నిలబడ్డాడు. చల్లదనం హాయిగా ఎక్కింది. కళ్ళు తెరిస్తే ముక్కుకి ఎదురుగా అద్దం లోపల ఒక ప్యాకెట్టు. దాని మీద పచ్చటి కాయల బొమ్మ. చిక్కుడుకాయకి తమ్ముడిలా ఉంది, ఒంటినిండా నూగు.

"ఇయ్యేం కాయలే?" అన్నాడు. ఆ గంటలో కూతురితో అన్న మొదటి మాట అదే.

జెస్సీ వచ్చి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది. "ఎ...డ...మా...మె. ఎడమామె నాన్నా."

"ఎడమ ఆమె ఏంటే? మరి కుడి ఆమె ఎక్కడుంది?"

జెస్సీ పెదాలు బిగించి చూసింది. ఆగలేదు. ఫక్కున నవ్వి, నవ్వు ఆపుకోలేక నోటుబుక్కుల్ని మొహానికి అడ్డం పెట్టుకుంది. లాజరుకీ నవ్వొచ్చింది. సగం బుగ్గ మొద్దుబారి ఉండటంతో ఆ నవ్వు ఒకవైపే వచ్చింది. అది చూసి పిల్ల మళ్ళీ నవ్వింది.

"పచ్చి సోయా కాయలంట నాన్నా. ఉడకబెట్టుకుని తింటారంట. జపానోళ్ళవి."

"మెత్తగా ఉంటయ్యా?"

"గింజలే తినాలంట. తొక్క తినకూడదంట. ఒక్కోటీ ఒలుచుకుని తినాలి."

ఒక్కోటీ ఒలుచుకుని అన్న మాట లాజరుకి పట్టుకుంది. రెండు ప్యాకెట్లు తీసుకున్నాడు. రైల్లో వేమూరు దాటాక తనే అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ: "మీ అమ్మకి నేనే చెప్తాన్లే." చెప్పాడు కూడా. ఇంటికెళ్ళి చెప్పులు విప్పకముందే చెప్పాడు. స్టెల్లా ఒక నిట్టూర్పు విడిచి ప్యాకెట్టు అందుకుంది.

"సోయానా? మీల్‌మేకర్ చేసేది దీంతోనేగా. దీన్ని కాయల్తో తినేదేంటి?"

అయినా ఉప్పేసిన నీళ్ళు కాగబెట్టి కాయలు అందులో పడేసింది. ఐదు నిమిషాలకే ఉడికాయి. వార్చి రెండు గిన్నెల్లో పోసింది. జెస్సీ గిన్నెలో వెల్లుల్లి కారం, నిమ్మరసం. లాజరు గిన్నెలో ఉప్పు, కాస్త జీలకర్ర పొడి. కాయ కొస పెదాల దగ్గర పెట్టుకుని వేళ్ళతో నొక్కితే గింజ చటుక్కున నోట్లోకి ఉరికింది. నోరు పెద్దగా తెరవక్కర్లేదు. గింజ మెత్తగా, కాస్త తియ్యగా ఉంది. నమలడానికి దవడలు నొప్పెట్టలేదు. ఒక కాయ అయ్యాక ఇంకోటి, తొక్క పక్కన, ఇంకోటి. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అతను కదలకుండా ఒకచోట కూచున్నాడని స్టెల్లా గమనించింది.

చర్చి వెనక ఇంట్లో ఉండే వరమ్మ పెద్దమ్మ వచ్చి చూసి, "ఓసి, మా చిన్నప్పుడు కందికాయలు ఇట్టాగేగా ఉడకేసుకుని తినేది" అని నాలుగు ఒలుచుకుని, కందికాయలంత రుచి లేవని తేల్చి వెళ్ళిపోయింది.

రుచి మాటకొస్తే లాజరుదీ అదే గొడవ. మూడు రోజులకే ఆ చప్పదనం మొహం మొత్తింది. ఆస్పత్రి కూడు తిన్నట్టుంది. పక్కనే కూతురు వేళ్ళకంటిన వెల్లుల్లి కారం నాకుతుంటే, ఆ వాసన ముక్కు పుటాల్లోంచి నెత్తికెక్కుతుంటే, తను ఉప్పు గింజలు నములుతూ కూచోవడం. మిరప చేలల్లో కోతలకి పోయి, అక్కడే పచ్చిమిరపకాయ కొరుక్కుని సద్ది తిన్న వంశం తనది. కారం లేని తిండిని తిండి అంటారని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి బుధవారం బస్సులో ఇద్దరు పిల్లలు సీటు కోసం కొట్టుకున్నారు. కర్లపాలెం దాటాక గేదె అడ్డం వచ్చింది, బ్రేకు మీద లేచి నిలబడితే తప్ప బండి ఆగలేదు. సాయంత్రం తిరిగొస్తూ చెరుకుపల్లిలో చెంచురామయ్య చెయ్యి చాపినప్పుడు లాజరు వద్దనలేదు. ఒక్క ప్యాకెట్టు జేబులో పడింది. అక్కణ్ణుంచి రేపల్లె దాకా అది గుండెకి ఆనుకుని ఉంది. నోట్లో నీళ్ళూరుతూనే ఉన్నాయి. పిల్లలు బస్సులో ఉన్నంతసేపూ తియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. స్టెల్లా, జెస్సీ ప్రార్థన కూటానికి వెళ్ళారు. ఇల్లంతా తనదే. చూసేవాళ్ళు లేరు. ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. కూచున్నాడు. లేచాడు. పెరట్లోకి పోయి వచ్చాడు. పుల్లలు తీసి నోట్లో పెట్టుకున్నాడు, పన్నెండు పట్టాయి, తీసేశాడు. ప్యాకెట్టు బల్ల మీదే ఉంది. కొస పట్టుకున్నాడు. చింపితే అయిపోతుంది. చింపితే శనివారం మళ్ళీ ఆ లైటు కిందికి వెళ్ళాలి, స్టూలు మీద ఎవరో ఒకరు గోడ వైపు తిరిగి కూచోవాలి.

వదిలేసి వంటింట్లోకి నడిచాడు. చేతులకి ఏదో ఒక పని చెప్పాలి, అంతే. ఫ్రిజ్ పైఅరలోంచి కాయల ప్యాకెట్టు తీశాడు. జన్మలో పొయ్యి వెలిగించి వండినవాడు కాదు. లారీ రోజుల్లో కూడా వంట క్లీనరుదే. గిన్నెలో నీళ్ళు పోసి, ఉప్పు పిడికెడు గుమ్మరించి కాయలు వేశాడు. అవి ఉడికేలోగా వెల్లుల్లి రెబ్బలు పొట్టు తీయకుండానే రోట్లో పడేసి దంచాడు. దంచడం బాగుంది. అక్కర్లేనంతసేపు దంచాడు. మూకుట్లో నూనె పోసి జీలకర్ర వేస్తే చిటపటలాడి మాడింది. వెల్లుల్లి వేశాడు. వార్చిన కాయలు తడితడిగానే అందులో ఒంపితే సర్రుమని పొగ లేచింది. అప్పుడు కారం డబ్బా మూత తీశాడు. ఏడాదిన్నరగా తన నోటికి దూరమైన డబ్బా. చెంచాతో కాదు, చేత్తో తీసి జల్లాడు. ఇంకోసారి జల్లాడు. ఘాటుకి పొలమారి దగ్గుతూనే కలియబెట్టి, మూకుడు దించి, నేల మీదే కూచుని మొదటి కాయ నోట్లో పెట్టుకుని జుర్రాడు.

ఒక్క క్షణం స్వర్గం. కారం, వెల్లుల్లి, ఉప్పు, నూనె. తన నోరు తనకి తిరిగొచ్చినట్టే అనిపించింది. ఆ మరుక్షణం అంటుకుంది. బుగ్గలు, నాలిక, చెవుల వెనక దాకా. ఉమ్మేయచ్చు. ఉమ్మలేదు. రెండో కాయ కూడా జుర్రాడు. మొండితనమో, పిచ్చో. ముక్కూ కళ్ళూ ఏకమై కారుతుంటే మూడోది అందుకుని, ఇక తట్టుకోలేక పెరుగు గిన్నె కోసం ఫ్రిజ్ తలుపు లాగాడు. గిన్నెలోకి మూతి పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే తల్లీ కూతుళ్ళు వచ్చారు. స్టెల్లాకి ముందు కనపడింది బల్ల మీది ప్యాకెట్టు.

"ఏంటయ్యా ఇది?" అంది. "దేవుడి సన్నిధిలో నీకోసం మోకాళ్ళేసి ఇప్పుడే వస్తన్నాను. ఇదేంటి?"

లాజరు మాట్లాడలేడు. నోటి నిండా పెరుగు. చెయ్యి ఊపాడు. ఆవిడ వంటింట్లోకి వచ్చి పొగ చూసింది, మాడిన మూకుడు చూసింది, ఎర్రగా వాచిన పెదాలు, గడ్డం నిండా పెరుగు చూసింది. దగ్గరికి వచ్చి వంగి అతని నోటి దగ్గర ముక్కు పెట్టింది. వెల్లుల్లి కంపు.

"అమ్మా, అది చింపలేదే!" అని అరిచింది జెస్సీ బల్ల దగ్గర్నుంచి.

స్టెల్లా అలాగే నేల మీద చతికిలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో లాజరుకి తెలియలేదు. కాసేపటికి కొంగు తీసి, "డాక్టరమ్మ కారం ముట్టొద్దందిగా" అంది.

"అదో ఇదో ఏదో ఒకటి నోట్లోకి పోవాల్సిందేనే ఇయ్యాళ. ఇదయితే మీకు చెప్పుకోగలనని ఇది తిన్నా" అన్నాడు లాజరు పెరుగు మింగి.

ప్యాకెట్టుని స్టెల్లా పొయ్యిలో వేయలేదు, బయట పారేయలేదు. అతని చేతికే ఇచ్చింది. అతనే వీధి చివరి కాలవ దాకా నడిచి వెళ్ళి పారేసి వచ్చాడు.

నాలుగు రోజులు నోరు పూసింది. శనివారం డాక్టరు చూసి తిట్టింది. ఈసారి నిజంగానే తిట్టింది, ఇంజెక్షను కూడా వాయిదా వేసింది. కానీ ఇంటి దగ్గర స్టెల్లా ఆలోచనలో పడింది. మర్నాడు గుడి నుంచి రాగానే మూకుడు పెట్టింది. నూనెలో ఎండుమిరపకాయలు తుంచకుండా, గింజ బయటపడకుండా, కాయలుగానే వేసి, కమ్మటి వాసన రాగానే ఏరి పక్కన పెట్టేసింది. ఆ నూనెలోనే నలిపిన వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు. ఉడికిన కాయల్ని అందులో నాలుగుసార్లు తిప్పి దించింది. ఇల్లంతా కారం వాసన, నోట్లో మాత్రం చురుక్కుమనే కారం లేదు. లాజరు అనుమానంగా ఒకటి జుర్రాడు. బుగ్గ కాస్త చిమచిమలాడింది, అంతే. కళ్ళు మూసుకున్నాడు.

"ఎట్టా ఉంది?"

"మోసంలాగా ఉంది" అన్నాడు. "కానీ బానే ఉంది."

అప్పట్నుంచి రోజూ పొద్దున ఆరింటికి ఆ మూకుడు పొయ్యెక్కింది. పది నిమిషాల పని. స్టీలు డబ్బాలో కాయలు, తొక్కలకి ఒక కవరు. షెడ్డు కింద ఏడు గంటలు లాజరు కాయలు ఒలుచుకుంటూ కూచునేవాడు. అయినా ఒళ్ళు ఊరుకునేది కాదు. డబ్బా అయిపోయాక మళ్ళీ స్టేషను దాకా నడకే. చెరుకుపల్లిలో చెంచురామయ్య కొట్టుకి ఎదురుగా కాకుండా యాభై గజాలు ముందుకి ఆపడం మొదలుపెట్టాడు. పిల్లలు గొణిగారు, తర్వాత అక్కడే నిలబడటం అలవాటు చేసుకున్నారు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో ఒక్క రోజు, తెనాలిలో ఆ కాయలు దొరకని వారం, మళ్ళీ జారాడు. ఈసారి డాక్టరు అడగకముందే చెప్పాడు. ఈస్టరు నాటికి పద్నాలుగు పుల్లలు పట్టాయి. వర్షాలు పడేనాటికి పదిహేను. పదిహేను దగ్గరే ఆగింది. ఇంతకంటే రాకపోవచ్చండి అంది సాయిసుధ, దాచకుండా. చిటికెడు కారం మాత్రం వేసుకుని చూడమంది. వేసుకున్నాడు. పట్టింది. ఆవకాయ ఇంకా లేదు. ఎప్పటికి ఉంటుందో తెలియదు.

షెడ్డులో నాగమల్లేశ్వరరావు డబ్బాలో చెయ్యి పెట్టి రెండు మూడు కాయలు తీసుకుని ఒలుచుకునేవాడు. తన ప్యాకెట్టు చాపడం ఎప్పుడు మానేశాడో లాజరు గమనించలేదు. ఆగస్టులో ఒకరోజు భోజనాల దగ్గర ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, ముద్దని రెండు చేసి పెట్టుకోవడం చూశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. సాయంత్రం బస్సులు బయల్దేరే ముందు పెద్దాయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"తమ్ముడూ, తెనాలిలో ఆ డాక్టరమ్మ... శనివారాలు ఉంటదా?"

"ఉంటదన్నా."

"ఒక్కణ్ణీ పోబుద్ధి కావట్లేదు."

ఆ శనివారం నాగమల్లేశ్వరరావు బాపట్ల నుంచి వచ్చాడు, లాజరు రేపల్లె నుంచి వెళ్ళాడు. ఇద్దరూ తెనాలి స్టేషన్లో కలుసుకుని నడిచారు. డాక్టరు గది బయట ఇంకా ముగ్గురు కూచుని ఉన్నారు. పెద్దాయన కుర్చీ నిండా కూచుని, మోకాలు ఆడిస్తూ, గోడ మీద గడియారం వంక, తలుపు వంక మార్చి మార్చి చూస్తున్నాడు. లాజరు కూచోలేదు. కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు.

"సూది నొప్పి పెడతదా?" అన్నాడు నాగమల్లేశ్వరరావు చిన్నగా.

"పెడతదన్నా."

"బాగానా?"

"బాగానే."

పెద్దాయన తలాడించాడు. లోపల్నుంచి ఎవరినో పిలిచారు, ఆయన్ని కాదు. లాజరు వచ్చి పక్క కుర్చీలో కూచున్నాడు. నిమిషం కాకముందే మళ్ళీ లేచాడు.